లక్ష్మణ్ ఇంకా ఉన్నడా?

గోదావరిఖనిలో ఎవరైనా ఒక టెస్ట్ మ్యాచ్ మొత్తం చూశానన్నాడంటే, ఆ ఐదు రోజులూ సిక్‌లో ఉన్నాడనో నాగాలు పెట్టాడనో అనుకోవాలి. మొదటి షిఫ్టు పొద్దున ఏడింటికి, రెండోది మధ్యాహ్నం మూడింటికి, నైట్ షిఫ్టు రాత్రి పదకొండింటికి. మస్టర్ పడి, ల్యాంప్ రూంలో బత్తి తీసుకుని, నడుముకు బ్యాటరీ కట్టుకుని దిగాక ఎనిమిది గంటలు పైలోకంతో పని లేదు. బీడీ, అగ్గిపెట్టె ఎట్లా నిషేధమో సెల్‌ఫోనూ అంతే. బొగ్గు పొరల్లో మీథేన్ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఇక్కడి క్రికెట్‌లో సగం చూసింది, సగం విన్నది. గని ముందు దిగబోయేవాడు పైకొచ్చినవాడికి స్కోరు చెప్తాడు. చెప్పించుకున్నవాడు ఇంటికెళ్లి టీవీ ముందు కూర్చుంటాడు, చెప్పినవాడు చీకట్లోకి పోతాడు.

క్రికెట్ చరిత్రలో అందరికంటే గొప్ప ఇన్నింగ్స్ ఏది అనే తగువు ప్రపంచమంతా ఉన్నదే. చౌరస్తా చాయ్ హోటళ్ల దగ్గర కూడా ఉంది. ఇక్కడ పాతవాళ్ల వైపు పలికే అంకె ఒక్కటే, 281. వీవీఎస్ లక్ష్మణ్ హైదరాబాదువాడు కాబట్టి మనవాడన్న అభిమానం అందులో లేదని నేననను. కానీ బొగ్గుబాయి ఊళ్లో ఆ ఇన్నింగ్స్ అంత గట్టిగా నిలబడటానికి అసలు కారణం షిఫ్టులు. ఆ సంగతి చెప్పే ముందు ఊరి సంగతి కొంత చెప్పాలి.

2016 అక్టోబర్ 11న కరీంనగర్ నుంచి విడిపోయి పెద్దపల్లి జిల్లా అయింది. కలెక్టరేట్ పెద్దపల్లిలో ఉన్నా జిల్లా జనసమ్మర్దమంతా గోదావరిఖని ఉన్న రామగుండం కార్పొరేషన్‌లోనే. ఒక పక్క సింగరేణి బొగ్గు గనులు, ఒక పక్క 2600 మెగావాట్ల ఎన్టీపీసీ, మధ్యలో ఎరువుల కర్మాగారం. 1978 నవంబర్ 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ పునాదిరాయి వేసిన విద్యుత్ కేంద్రం పక్కన జ్యోతినగర్ పుట్టింది. పాత ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడింది, ఇరవై ఏళ్లకు పైగా తుప్పు పట్టాక కొత్త పేరుతో లేచింది. 2022 నవంబర్‌లో దాన్ని జాతికి అంకితం చేశారు. గోదావరి దాటితే మంచిర్యాల జిల్లా. ఇవతల సింగరేణి లెక్కలో ఊరి పేర్లకంటే ఆర్‌జీ-1, ఆర్‌జీ-2, ఆర్‌జీ-3 అనే ఏరియాలే ముఖ్యం. గని నంబరు మీద కాలనీకి పేరు పెట్టుకున్న ఊరిది. యైటింక్లైన్ కాలనీ అంటే ఎనిమిదో నంబరు ఇంక్లైన్ కాలనీ. సింగరేణి బొగ్గుకు నూరేళ్లు నిండిన గుర్తుగా ఒకటి ఏకంగా సెంటినరీ కాలనీ అయిపోయింది.

ఇక్కడ పాతకాపులు తక్కువ. చుట్టుపక్కల పల్లెల నుంచి, వరంగల్, ఖమ్మం వైపు నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి బొగ్గు కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. ఒకరి పండగ ఇంకొకరికి తెలియని రోజుల్లో కూడా క్వార్టర్ల సందులో అందరికీ తెలిసిన ఆట క్రికెట్. వికెట్లు కొనాల్సిన పని లేదు. వంటింటి పొయ్యి పక్కన బొగ్గుకు కొదవా? ఒక పెళ్ల తెచ్చి గోడ మీద మూడు గీతలు నిలువుగా, పైన ఒకటి అడ్డంగా గీస్తే స్టంపులు, బెయిల్స్ అన్నీ అయిపోయాయి. బంతి గీతకు తగిలిందా లేదా అన్న తగువుకు తీర్పు కూడా బొగ్గే చెప్పేది. టెన్నిస్ బంతి మీద నల్లటి మచ్చ పడితే అవుట్. మచ్చ లేదని బ్యాటింగ్ చేసేవాడు బంతిని లాగుకు తుడిచేవాడు, తుడిచిన లాగు సాక్ష్యం చెప్పేది. మురికికాలువలో పడితే అవుట్, పక్క క్వార్టర్ రేకుల మీద పడితే అవుట్, కొట్టినవాడే పోయి తెచ్చుకోవాలి. నైట్ షిఫ్టు చేసి పడుకున్న పెద్దమనిషి తలుపు తీసుకుని బయటికొస్తే అందరూ అవుట్.

లెదర్ బాల్ ఆడాలంటే సింగరేణి వాళ్ల జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమే దిక్కు. పొద్దున వాకింగ్ వాళ్లు, సాయంత్రం వాలీబాల్, కబడ్డీ, పరుగు పందేల పిల్లలు, డిసెంబర్ 23న సింగరేణి డే స్టాళ్లు, వీటన్నిటి మధ్యా క్రికెట్. కంపెనీలో ఆటల వ్యవహారం చూసే విభాగాన్ని పొడి అక్షరాల్లో డబ్ల్యూపీఎస్ అండ్ జీఏ అంటారు. గనుల మధ్య పోటీలు, ఏరియాల మధ్య పోటీలు, ఆ పైన కోల్ ఇండియా స్థాయి పోటీలు. ఫిట్టరూ ఓవర్‌మనూ ఒకే టీంలో ఆడతారు. గనిలో ఓవర్‌మన్ మాట చెల్లుతుంది, గ్రౌండ్‌లో కొట్టేవాడి మాట చెల్లుతుంది. ఆదివారం ఇక్కడ ప్లేడే. ఆ రోజు డ్యూటీ పడితే జీతం రెట్టింపు, కాబట్టి ప్లేడే నాడు మంచి మ్యాచ్ ఉంటే ఇంట్లో చిన్న పంచాయితీ తప్పదు.

ఆ 281 వచ్చిన కోల్‌కతా టెస్ట్ మొదలైంది అటువంటి ఒక ఆదివారం. 2001 మార్చి 11.

స్టీవ్ వా ఆస్ట్రేలియా అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచి ఉంది. పదహారోది ముంబైలో మనమీదే, మూడు రోజుల్లో, పది వికెట్ల తేడాతో. ఈడెన్ గార్డెన్స్‌లో తొలిరోజు హర్భజన్ హ్యాట్రిక్ తీశాడు. పాంటింగ్, గిల్‌క్రిస్ట్, వార్న్. ప్లేడే కాబట్టి అది చాలామంది కళ్లారా చూశారు. ఆ సంబరం సోమవారానికే ఆవిరైంది. వా సెంచరీతో ఆస్ట్రేలియా 445 చేసింది. మనం ఆ రోజు ముగిసేసరికి 8 వికెట్లకు 128. మంగళవారం 171కి ఆలౌట్, 274 పరుగుల వెనకబాటు, ఫాలో ఆన్. ఆ 171లో 59 లక్ష్మణ్‌వి, ఆఖరున అవుటైంది కూడా అతనే. ప్యాడ్లు విప్పబోతుంటే కోచ్ జాన్ రైట్ విప్పొద్దన్నాడు, ఈసారి మూడో స్థానంలో దిగాలన్నాడు. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో ఆడినవాడు. నడుం నొప్పితో అసలు మ్యాచ్‌కే అనుమానం అనుకున్నవాడు. ఫిజియో ఆండ్రూ లైపస్ సరిచేసి పంపితే వచ్చినవాడు.

52 పరుగులకు మొదటి వికెట్ పడ్డాక లక్ష్మణ్ దిగాడు. 232 దగ్గర గంగూలీ నాలుగో వికెట్‌గా వెళ్లాక ద్రవిడ్ వచ్చాడు. మంగళవారం ఆట ముగిసేసరికి 4 వికెట్లకు 254, లక్ష్మణ్ 109, ద్రవిడ్ 7. ఇంకా ఇరవై పరుగులు వెనకే ఉన్నాం. సింగరేణి అప్పుడున్న తీరు కూడా దాదాపు అదే. తొంభైల మొదట్లో లక్ష దాటి ఉన్న కార్మికుల సంఖ్య పడిపోతూ ఉంది, డబ్బిచ్చి ముందే ఇంటికి పంపే గోల్డెన్ హ్యాండ్‌షేక్ అనే మాట మస్టర్ రూంలో మామూలైపోయింది. క్రికెట్ స్కోరు ఒక్కటి బాగుంటే ఒరిగేదేమీ లేదు, అయినా అడుగుతాం కదా.

ఇప్పుడు బుధవారం, మార్చి 14. షిఫ్టులు చూడండి. మొదటి షిఫ్టువాడు పొద్దున దిగేటప్పటికి కోల్‌కతాలో ఆట మొదలుకాలేదు. ఇవాళ ఎంతసేపు ఆడతారులే, మనం పైకొచ్చేసరికి మ్యాచ్ అయిపోతుంది అనుకునే దిగి ఉంటాడు. రెండో షిఫ్టువాడు పొద్దంతా దూరదర్శన్ ముందు కూర్చుని, లంచ్ దాటినా వికెట్ పడకపోయేసరికి కదలలేక కదిలి మూడింటికి గని ముందుకొచ్చాడు. పైకొచ్చినవాడు బొగ్గుమసి మొహంతో అడిగాడు.

"ఏమైందే, అయిపోయిందా?"

"ఏడ అయిపోయిందన్నా, నాలుగే పోయినయ్."

"పొద్దుగాల గూడ నాలుగే గదా. లక్ష్మణ్ ఇంకా ఉన్నడా?"

"ఉన్నడు. ద్రవిడ్ గూడ ఉన్నడు. జల్ది ఇంటికి పో."

నేను రాసింది ఒక్క గని ముందు మాట. అన్ని గనుల ముందూ ఈ మాటే కాస్త అటూఇటుగా నడిచింది. పొద్దంతా పడుకోవాల్సిన నైట్ షిఫ్టువాడు పడుకోలేదు. ఆ రోజంతా చూడగలిగింది అతనొక్కడే, దానికి నిద్ర ఇచ్చుకున్నాడు. రాత్రి పదకొండింటికి అతను దిగుతూ, పైకొచ్చే రెండో షిఫ్టువాడికి చెప్పిన లెక్క కూడా నాలుగే. 4 వికెట్లకు 589. లక్ష్మణ్ 275, ద్రవిడ్ 155. ఒక్కరోజులో 335 పరుగులు, ఒక్క వికెట్టూ పోలేదు. మూడు షిఫ్టుల్లో ఎవరు పైకొచ్చి ఎప్పుడడిగినా జవాబులో వికెట్ల అంకె మారలేదు. గనిలోకి దిగిన మనిషి మళ్లీ పైకొచ్చేదాకా ఎదురుచూడటం అలవాటైన ఊళ్లో ఈ స్కోరు వేరే ఊళ్లలో పలికినట్టు పలకలేదని నా నమ్మకం. అది అతిశయం అనేవాళ్లు 2003 జూన్‌లో జీడీకే-7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది తిరిగిరాని సంగతి ఇక్కడి ఇళ్లల్లో అడగాలి.

ఇక బ్యాటింగ్ సంగతి. 281కి 631 నిమిషాలు పట్టింది, అంటే ఒక షిఫ్టు కంటే రెండున్నర గంటలు ఎక్కువ. 452 బంతులు, 44 ఫోర్లు, సిక్సర్ ఒక్కటీ లేదు. మళ్లీ మళ్లీ చూడాల్సింది వార్న్‌ను ఆడిన తీరు. అప్పటికి పిచ్ పాడైంది. లెగ్ స్టంప్ బయట బౌలర్ల కాళ్ల గుర్తులతో రఫ్ ఏర్పడింది. వార్న్ బంతిని ఆ గుంతల్లో వేస్తే అది అడ్డంగా తిరిగి లోపలికొస్తుంది. మామూలు బ్యాటర్ ప్యాడ్ అడ్డం పెడతాడు. లక్ష్మణ్ రెండడుగులు ముందుకొచ్చి, లెగ్ వైపుకు కాస్త జరిగి, తిరిగే బంతిని తిరుగుడు వెంటే కవర్స్ గుండా కొట్టాడు. కవర్స్‌లో ఫీల్డర్లను పెంచితే అదే చోట పడిన అదే బంతిని మణికట్టు తిప్పి మిడ్‌వికెట్‌కు పంపాడు. ఒకే బంతికి రెండు దిక్కులు. ఫీల్డ్ ఎలా పెట్టాలో కెప్టెన్‌కు తోచదు. వార్న్ 34 ఓవర్లలో 152 పరుగులిచ్చి ఒక్క వికెట్ తీశాడు. చివరికి పాంటింగ్, హేడెన్, స్లేటర్, లాంగర్ కూడా బంతి పట్టారు, మొత్తం తొమ్మిది మంది. టీవీలో లాంగర్ బౌలింగ్ రనప్ చూసి నవ్వని ఇల్లు ఉంటుందా?

మణికట్టు హైదరాబాద్ ఆస్తి అంటారు. అజహర్ నుంచి వచ్చిందనేది అలవాటైన మాట. నాకు మాత్రం అందులో సగమే నిజమనిపిస్తుంది. అజహర్ మణికట్టు తొందరపడేది, లక్ష్మణ్‌ది ఆగి చూసేది. అంతకు ముందు సీజన్ రంజీలో 1415 పరుగులు చేసి, అందులో బెంగళూరులో కర్ణాటక మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 353 కొట్టినవాడికి రోజంతా నిలబడటం కొత్త కాదు. ఆస్ట్రేలియా ఆ సంగతి పట్టించుకోలేదు, అంతే.

ద్రవిడ్ 180 గురించి ఒక మాట. ఐదో వికెట్‌కు 376 పరుగుల భాగస్వామ్యం. గనిలో పైకప్పుకు సపోర్టు పెట్టేవాడి పేరు ఉత్పత్తి రిపోర్టులో రాదు, టన్నుల లెక్క బొగ్గు తీసినవాడి ఖాతాలో పడుతుంది. కానీ సపోర్టు లేకుండా ఎవడూ లోపల అడుగు పెట్టడు. ద్రవిడ్ చేసింది ఆ పని. రనౌట్ కావడం ఒక్కటే న్యాయంగా లేదు.

గురువారం లక్ష్మణ్ మెక్‌గ్రాత్ బంతికి పాంటింగ్ చేతికి చిక్కాడు. అప్పటిదాకా టెస్టుల్లో భారత బ్యాటర్ల అత్యధిక స్కోరు గవాస్కర్ 1983లో మద్రాసులో చేసిన 236. గంగూలీ 7 వికెట్లకు 657 దగ్గర డిక్లేర్ చేసి 384 లక్ష్యం ఇచ్చాడు. ఆస్ట్రేలియా 3 వికెట్లకు 166 దగ్గర డ్రా వైపు నడుస్తూ ఉండగా, ఎనిమిది పరుగుల తేడాలో ఐదు వికెట్లు రాలాయి. హర్భజన్‌కు ఆరు, టెండూల్కర్‌కు మూడు. 212కి ఆలౌట్. అప్పటికి ఫాలో ఆన్ ఆడి గెలిచిన జట్టు టెస్ట్ చరిత్రలో రెండుసార్లే ఉంది, 1894లో సిడ్నీలో, 1981లో లీడ్స్‌లో. ఇది మూడోది. మొదటి షిఫ్టు ముగించి, స్నానం కూడా చేయకుండా టీవీ దగ్గరికి ఉరికినవాళ్లకు ఆఖరి ఘట్టం దక్కింది. రెండో షిఫ్టువాళ్ల దురదృష్టానికి ఇప్పటికీ జాలిపడొచ్చు. పొద్దంతా ఎదురుచూసి, సరిగ్గా వికెట్లు రాలే వేళకు బత్తి కట్టుకోవాల్సి వచ్చింది.

చౌరస్తాలో ఎదుటి పక్షం లేకపోలేదు. కపిల్ 175 అంటారు. 1983 జూన్ 18, టన్‌బ్రిడ్జ్ వెల్స్, జింబాబ్వే మీద 17కి ఐదు వికెట్లు పడ్డాక. దానికి వీడియో లేదు. చూడని ఆటను గొప్పదనడం ఈ ఊరికి వింత కాదు కాబట్టి ఆ వాదన ఇక్కడ బాగానే నిలబడుతుంది. 1999లో బ్రిడ్జ్‌టౌన్‌లో లారా ఆఖరి బ్యాటర్ వాల్ష్‌ను పక్కన పెట్టుకుని గెలిపించిన 153 అంటారు. నన్నడిగితే 281కి నిజమైన పోటీ అదే. పుస్తకాలు చదివినవాళ్లు బ్రాడ్‌మన్ 1937 మెల్‌బోర్న్ 270 అంటారు. 2001లో విజ్డెన్ వంద గొప్ప టెస్ట్ ఇన్నింగ్స్‌ల జాబితా వేసినప్పుడు మొదటి స్థానం దానికే ఇచ్చింది, లక్ష్మణ్‌కు ఆరోది. టెండూల్కర్ ఇన్నింగ్స్ ఒక్కటీ ఆ వందలో లేదని అప్పుడు దేశమంతా గోల. 2016లో క్రికెట్ మంత్లీ పత్రిక యాభై ఏళ్లలో అత్యుత్తమ టెస్ట్ ప్రదర్శనగా 281ని ఎంచాక మనవాళ్ల గొంతు ఇంకాస్త పెరిగింది.

తెలుగు వైపు లెక్కలో నేను ఇంకో రెండు కలుపుతాను. 1926 డిసెంబర్ 1న బొంబాయిలో ఎంసీసీ మీద సి.కె. నాయుడు చేసిన 153, అందులో 11 సిక్సర్లు. భారత్‌కు టెస్ట్ హోదా రావడం వెనక ఆ రోజు కూడా ఉంది. 1968 జనవరిలో బ్రిస్బేన్‌లో ఎం.ఎల్. జైసింహ. గాయపడినవాళ్ల స్థానంలో ఇండియా నుంచి పిలిపిస్తే విమానం దిగి నేరుగా ఆడి 74, 101 చేశాడు. 395 లక్ష్యాన్ని వెంటాడి 39 పరుగుల తేడాతో ఓడిపోయాం. గెలిచి ఉంటే 281కి ముందే హైదరాబాద్ పేరు మీద ఒక పురాణం ఉండేది. ఓడిన మ్యాచ్‌లో సెంచరీని ఎవరూ మూడు షిఫ్టులు చెప్పుకోరు.

లక్ష్మణ్ నడుం మళ్లీ ఒకసారి ఊరందరి నోళ్లలో పడింది. 2010 అక్టోబర్, మొహాలీ. అదే ఆస్ట్రేలియా, లక్ష్యం 216, 124కి ఎనిమిది వికెట్లు. నొప్పితో రన్నర్‌ను పెట్టుకుని 73 నాటౌట్, ఇషాంత్‌తో 81 పరుగులు, ఒక్క వికెట్ తేడాతో గెలుపు. చివర్లో పరుగుకు కదలని ప్రజ్ఞాన్ ఓఝా మీద అరిచిన అరుపు దేశమంతా విన్నది. ఎప్పుడూ నోరెత్తని మనిషి అట్లా అరవడం చూసి ఇక్కడివాళ్లకు అతను ఇంకా దగ్గరయ్యాడు.

ఇప్పటి కుర్రాళ్లకు ఇవన్నీ తాతల కథలు. 2025 సెప్టెంబర్ 28 ఆదివారం రాత్రి దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్, పాకిస్తాన్ మీద 147 లక్ష్యం, 20కి మూడు వికెట్లు. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 53 బంతుల్లో 69 నాటౌట్. ప్లేడే డ్యూటీకి వెళ్లి పదకొండింటికి పైకొచ్చినవాళ్లు ఫోన్లు తెరిచేసరికి ఛేజింగ్ మధ్యలో ఉంది. బండి స్టాండ్ దగ్గర నిలబడే మిగతాది చూసినవాళ్లున్నారు. ఇరవై ఓవర్ల ఆటలో ఉన్న సౌకర్యం అది, ఏ షిఫ్టువాడికైనా సగమన్నా దొరుకుతుంది.

ఆడేవాళ్ల సంగతి వేరు. కార్మికుల సంఖ్య నలభై వేల దగ్గరికి దిగింది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగితే కిటికీలు అదురుతాయి, ఆరేసిన తెల్ల యూనిఫాం సాయంత్రానికి బూడిదరంగులోకి వస్తుంది. లెదర్ బాల్ క్రికెట్‌ను సీరియస్‌గా తీసుకున్న పిల్లవాడికి హైదరాబాదే దారి. రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, కిట్ బ్యాగుతో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్, దిగాక హాస్టల్ ఖర్చు. తండ్రికి జీతం వచ్చే ఇంట్లో ఇది సాధ్యం, కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో కష్టం.

ఇదే గోదావరి వెంట కిందికి పోతే భద్రాచలం. అక్కడి గొంగడి త్రిష 2025 జనవరిలో కౌలాలంపూర్‌లో స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్ చేసింది. అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో అదే తొలి సెంచరీ. ఫైనల్‌లో మూడు వికెట్లు తీసి 44 నాటౌట్, టోర్నీ మొత్తానికి 309 పరుగులు. ఆ అమ్మాయి కోసం ఇల్లంతా భద్రాచలం వదిలి సికింద్రాబాద్ వెళ్లింది. ఇంట్లోవాళ్లు ఊరు మారకుండా అటువంటి బ్యాటర్ తయారుకావాలంటే ఏరియాకు ఒక టర్ఫ్ పిచ్, ఒక కోచ్ కావాలి. టర్ఫ్‌కు బదులు పరిచే మ్యాటింగ్ మీద బంతి ఒకే తీరుగా లేస్తుంది, ఐదు రోజుల్లో అరిగి గుంతలు పడదు. రఫ్‌లో వార్న్ వేసినటువంటి బంతిని రెండడుగులు ముందుకొచ్చి ఆడటం దాని మీద ఎవరూ నేర్పలేరు. జిల్లాలో బొగ్గుంది, కరెంటుంది, ఎరువుంది, నదిలో నీళ్లున్నాయి. ఇరవై రెండు గజాల మట్టికి ఇవి చాలవా అని స్టేడియం మెట్ల మీద రిటైర్డ్ కార్మికులు అడుగుతున్నారు, తర్వాత మళ్లీ లారా దగ్గరికి పోతున్నారు.